పార్కింగ్ స్థలం పక్కన వీధి పేరు

బెర్లిన్‌లో గైడ్ వెంట నడుస్తూ నాజీ పాలన, రెండో ప్రపంచయుద్ధం గురించి తెలుసుకునే టూర్లు చాలా ఉన్నాయి. గైడ్ బాగా మాట్లాడాడా, ఎండలో ఎంతసేపు నిలబెట్టాడు అని చూసి మార్కులేస్తాం. కానీ అవి కథలు కూడా. కథకుడున్నాడు, ఎత్తుగడ ఉంది, ముగింపు ఉంది. అలాంటప్పుడు కథని అడిగే ప్రశ్నలే వీటినీ అడగాలి. ఇది ఎవరి కథ? ఎవర్ని పక్కన పెట్టి చెబుతున్నారు?

ఈ కథ సంవత్సరాల వరసలో నడవదు, కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు నడుస్తుంది. బ్రాండెన్‌బుర్గ్ గేట్ దగ్గర మొదలుపెడితే, హత్యకు గురైన యూరప్ యూదుల స్మారకం ముందు వస్తుంది. పీటర్ ఐసెన్‌మాన్ రూపొందించిన 2,711 కాంక్రీట్ దిమ్మెలు, 2005లో తెరిచారు. అక్కణ్ణుంచి కొద్ది నిమిషాల్లో 1945 నాటి హిట్లర్ బంకర్ చోటు. 1933లో పుస్తకాలు తగలబెట్టిన బేబెల్‌ప్లాట్జ్ ఇంకా తూర్పున ఉంటుంది. అంటే ఫలితం ముందు, కారణం తర్వాత. దీన్ని లోపం అనక్కర్లేదు. డిటెక్టివ్ నవలలూ అలాగే నడుస్తాయి కదా.

అసలు పరీక్ష బంకర్ దగ్గర. విశాఖ బీచ్ రోడ్డులో అయితే కురుసుర జలాంతర్గామి లోపలికి దూరి, యుద్ధాన్ని చేత్తో తాకి చూడొచ్చు. ఇక్కడ తాకడానికి ఏమీ లేదు. కార్లు ఆపుకునే చోటు, చుట్టూ అపార్ట్‌మెంట్లు, 2006లో పెట్టిన ఒక సమాచార బోర్డు. ఆరాధకులకి గుడి కాకూడదనే ఇలా ఉంచారు. చూడ్డానికి ఏమీ లేదు కాబట్టి బరువంతా మాట మీద పడుతుంది. ఆఖరి రోజుల పెళ్ళి, కుక్కకి పెట్టిన విషం, ఏప్రిల్ 30 ఆత్మహత్య, పెట్రోలు... ఈ వరసలో చెప్తే హంతకుడు విషాద నాయకుడైపోతాడు. నేల మీద కట్టనివ్వని గుడిని మాటల్తో కట్టినట్టే.

ఆ పార్కింగ్ పక్కనే ఉన్న వీధి పేరు గెర్‌ట్రూడ్ కోల్మార్. 1894లో బెర్లిన్‌లోనే పుట్టిన యూదు కవయిత్రి. 1938లో ఆమె కవితా సంపుటి అచ్చయింది. అదే ఏడాది నవంబరులో యూదుల మీద దాడులు జరిగాక దాన్ని గుజ్జు చేసేశారు. తర్వాత ఆమెతో ఆయుధాల ఫ్యాక్టరీలో వెట్టిచాకిరీ చేయించారు. 1943 మార్చిలో ఆష్‌విట్జ్‌కి పంపారు. తిరిగి రాలేదు.

అందరి కెమెరాలూ బోర్డు వైపే తిరిగి ఉన్నప్పుడు, ఆ వీధి పేరు చదివించే గైడ్ మంచి కథకుడు. అప్పుడు బేబెల్‌ప్లాట్జ్‌లో చూసేది కూడా మారుతుంది. అక్కడ మిఖా ఉల్మన్ చేసిన స్మారకం ఉంది. నేలలో అమర్చిన గాజు కింద తెల్లటి ఖాళీ అరలు, ఇరవై వేల పుస్తకాలు పట్టేటన్ని. ఆమె పేరు వినకుండా చూస్తే అది చక్కటి ప్రతీక. విన్నాక చూస్తే, గుజ్జయిపోయిన ఆ ఒక్క సంపుటి ఏ అరలో ఉండాల్సిందా అని వెతుకుతాం.