రాబందు కాదు, గద్ద

ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి హైదరాబాద్ అబిడ్స్‌లో వాటి ముందున్న పేవ్‌మెంటంతా పుస్తకాలదే. పట్టాలు పరిచి, గోనెసంచులు విప్పి, పుస్తకాలు కుప్పలు పోసే వేళకి నేనక్కడ ఉండాలి. ఎండెక్కేసరికి కుప్ప మీదివి చాలా చేతులు మారతాయి. అడుగునున్నవి మాత్రం అడుగునే ఉండిపోతాయి. నాకు కావలసినవి ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

ఇరవై ఏళ్లుగా నేను పోగుచేస్తున్నది ఒకే రకం: మనోవిశ్లేషణా చిత్రకళా కలుసుకునే చోట పుట్టిన పుస్తకాలు. వీటికి సొంత కుప్ప ఉండదు. కొన్ని మెడిసిన్ గైడ్ల మధ్య, కొన్ని వ్యక్తిత్వ వికాసం కింద, ఇంకొన్ని డ్రాయింగ్ నేర్పే పుస్తకాల్లో కలిసిపోయి ఉంటాయి. ఫ్రాయిడ్ కలల గ్రంథం ఓసారి నాకు స్వప్నఫలాల పుస్తకాల పక్కన దొరికింది. ఎర్న్‌స్ట్ క్రిస్ 1952 నాటి వ్యాససంపుటి చేతికిస్తే, అమ్మే అతను తిరగేసి చూసి, "ఇది డాక్టర్లదా, బొమ్మలదా సార్? ఏ కుప్పల వెయ్యాల్నో నాకు ఎర్కైతలేదు" అన్నాడు. క్రిస్ జీవితమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వియన్నా మ్యూజియంలో కళాచరిత్రకారుడిగా పనిచేస్తూనే మనోవిశ్లేషకుడైన మనిషి ఆయన.

నా దగ్గరున్న వాటన్నిటిలో నాకు ప్రాణమైనది, అట్ట ఊడిపోయిన ఒక సన్నటి పేపర్‌బ్యాక్. లియోనార్డో డావిన్సీ మీద ఫ్రాయిడ్ 1910లో రాసిన పుస్తకానికి ఎ. ఎ. బ్రిల్ చేసిన ఇంగ్లీషు అనువాదం. అరవై రూపాయలిచ్చాను. ఇంటికొచ్చి దులిపి, ఎండలో కాసేపు పెట్టి, తెరిచాక చూశాను: మధ్యలో ఒక పేజీ అంచున, సన్నగా చెక్కిన పెన్సిలుతో, తెలుగులో "రాబందు కాదు, గద్ద" అని రాసి ఉంది.

ఆ మూడు మాటలు నన్ను వారాల తరబడి తిప్పాయి.

సంగతేమిటంటే, లియోనార్డో తన నోటు పుస్తకాల్లో ఒకచోట పసితనపు జ్ఞాపకం ఒకటి రాసుకున్నాడు. తను ఉయ్యాల్లో ఉండగా ఒక పక్షి దిగివచ్చి తోకతో తన నోరు తెరిచి, పెదాల మీద పదేపదే కొట్టిందని. ఫ్రాయిడ్ ఈ జ్ఞాపకాన్ని నిజంగా జరిగినదిగా తీసుకోలేదు. పెద్దయ్యాక ఊహించి పసితనానికి అంటగట్టుకున్నదన్నాడు. అక్కణ్ణించి ఆ పక్షి వెంట పడ్డాడు. జర్మన్ అనువాదంలో అది రాబందు. ప్రాచీన ఈజిప్టులో తల్లిదేవత మూత్‌కి గుర్తు రాబందు. రాబందుల్లో మగవి ఉండవని, గాలికే గర్భం ధరిస్తాయని పాతకాలపు నమ్మకం. పెళ్లికాని తల్లి కడుపున పుట్టి, తొలి ఏళ్లు తండ్రి దగ్గర లేకుండా పెరిగిన బిడ్డగా ఫ్రాయిడ్ చూసిన లియోనార్డో కథకి అది అచ్చంగా అతికింది. 1913లో ఫ్రాయిడ్ మిత్రుడు ఆస్కర్ ఫిస్టర్, లూవ్ర్ మ్యూజియంలోని సెయింట్ ఆన్ చిత్రంలో మరియమ్మ నీలివస్త్రపు మడతల్లో రాబందు ఆకారాన్ని చూపించాడు. ఫ్రాయిడ్ తర్వాతి ముద్రణలో దాన్నీ చేర్చుకున్నాడు.

కానీ లియోనార్డో ఇటాలియన్‌లో రాసిన మాట నిబ్బియో. అంటే గద్ద. 1923లోనే ఎరిక్ మక్లాగన్ అనే కళాచరిత్రకారుడు ఈ పొరపాటు ఎత్తిచూపాడు. 1956లో మరో కళాచరిత్రకారుడు మేయర్ షపీరో పూర్తిగా విప్పి రాశాడు. అది రాసుకునేనాటికి లియోనార్డో పక్షులు ఎగిరే విధానం మీద పరిశోధనలో ఉన్నాడని, గాలిలో గద్ద తోకను తిప్పే తీరును గమనిస్తున్నాడని, ఆ జ్ఞాపకాన్ని ఆ పని పక్కన పెట్టి చదవాలని ఆయన వాదన.

తెలుగువాడికి ఈ తేడా చెప్పనక్కర్లేదు. గద్ద కోడిపిల్లను తన్నుకుపోతుంది. రాబందు చచ్చిన గొడ్డు చుట్టూ చేరుతుంది. మా అమ్మమ్మ పెరట్లో గద్ద నీడ నేలమీద పడగానే "ఉష్" అని అరిచేది, తల్లికోడి రెక్కలు విప్పేది. ఆ పెన్సిలు రాత రాసినవారు షపీరోను చదివి రాశారా, ఇటాలియన్ తెలిసి రాశారా, నాకు తెలిసే దారి లేదు. నాకు మాత్రం షపీరో వ్యాసం దాకా దారి చూపింది ఆ రాతే. కొత్త పుస్తకం కొని ఉంటే రాబందునే నమ్మి కూర్చునేవాణ్ణి.

పునాది రాయి తప్పని తెలిశాక పుస్తకం ఎందుకు దాచుకోవడమని ఒక మిత్రుడు అడిగాడు. రాబందు పోయినా ప్రశ్న పోలేదు. ఒక మనిషి పసితనం అతని కుంచెలోకి ఎలా వస్తుంది? అంత గొప్ప చేతులు ఒక్కో బొమ్మను సగంలో ఎందుకు వదిలేశాయి? ఆ ప్రశ్నలు అడిగే ధైర్యం ఫ్రాయిడ్ చేశాడు. పైగా అదే పుస్తకంలో తల్లి గురించిన పేజీ దగ్గర, అదే పెన్సిలుతో ఇంకో మాట ఉంది: "దయానిధి". బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చదివినవాళ్లకి ఆ పేరు చాలు. ఆ నవల నాయకుడు, తల్లి మీద పడిన నింద నీడలో, ఏ స్త్రీ దగ్గరా నిలవలేక నడిచిపోయిన మనిషి. బుచ్చిబాబు నవలాకారుడే కాదు, తైలవర్ణాల్లో ప్రకృతిదృశ్యాలు వేసిన చిత్రకారుడు కూడా. లియోనార్డో నుంచి దయానిధికి గీత గీసిన ఆ చదువరి ఎవరో గానీ, విమర్శకులు పేజీలు పేజీలు రాయాల్సిన దాన్ని ఒక్క పేరుతో సరిపెట్టారు.

అందుకే నేను పెన్సిలు గీతలున్న ప్రతే కొంటాను. శుభ్రమైన ప్రతి పక్కనే ఉన్నా సరే. గీతలు చెరపను. మొదటి పేజీలో పేరుంటే ఎవరికీ చెప్పను. ఈ విషయం మీద పుస్తకం చదివేవాళ్లు తమ గురించే ఏదో వెతుక్కుంటూ చదువుతారు. అంచుల్లో రాసుకున్నది ఒక రకంగా ఏకాంతంలో చెప్పుకున్న మాట. ఇక జాగ్రత్తలంటారా, పెద్దగా ఏమీ లేవు. చెదలు పట్టినదాన్ని నెలరోజులు వేరుగా ఉంచడం, బీరువాలో ఎండు వేపాకు. కలరా ఉండల వాసన నాకు పడదు.

కోఠీలో ఓసారి 'సమీక్ష' పాత సంచిక ఒకటి దొరికింది. కలకత్తాలోని భారతీయ మనోవిశ్లేషణ సంఘం పత్రిక అది. 1922లో ఆ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్‌ను ఎన్నడూ కలవలేదు, ఉత్తరాలే రాసుకున్నారు. బోస్ స్నేహితుడు యతీంద్రకుమార్ సేన్ ఫ్రాయిడ్ ఫోటో కూడా చూడకుండా ఊహలోంచి ఆయన బొమ్మ గీస్తే, దాన్ని వియన్నాకి పంపారు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజు కానుకగా సంఘం దంతపు విష్ణుమూర్తిని పంపింది. ఫ్రాయిడ్ దాన్ని తన రాతబల్ల మీద పెట్టుకున్నాడు. ఇప్పుడది లండన్‌లో, మ్యూజియంగా మారిన ఆయన చివరి ఇంట్లో ఉంది.

రెండు వేలకు పైగా పాత విగ్రహాలు కొని దాచుకున్న మనిషి ఆయన. 1938లో నాజీల నుంచి తప్పించుకుని వియన్నా వదిలేటప్పుడు విగ్రహాలు వెంట వచ్చాయి గానీ పుస్తకాలన్నీ రాలేదు. సుమారు 800 పుస్తకాలు హింటర్‌బెర్గర్ అనే పాతపుస్తకాల వ్యాపారి చేతికి వెళ్లాయి. అమ్మకపు జాబితాలో సొంతదారు పేరు వేయలేదు. న్యూయార్క్‌లో మానసిక వైద్య సంస్థ గ్రంథపాలకుడు జాకబ్ షాట్స్కీ ఆ పేరులేని జాబితా చూసి అవి ఎవరివో పోల్చుకుని 1939లో కొన్నాడు. ఆయన గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో కుప్ప అడుగున చెయ్యి పెట్టిన ప్రతిసారీ నాకు తెలుస్తుంది.

కిందటి నెల మనోవిశ్లేషకురాలు మేరియన్ మిల్నర్ దొరికింది. 'బొమ్మ వేయలేకపోవడం' గురించి 1950లో జోవన్నా ఫీల్డ్ అనే కలంపేరుతో ఆమె రాసిన పుస్తకం. ఎన్నేళ్లు వెతికానో. మిల్నర్ బొమ్మలు నేర్చుకోవాలని ఎంత ప్రయత్నించినా రాలేదు. చివరికి ఏం గీయాలో ముందుగా అనుకోకుండా చేతిని దాని ఇష్టానికి వదిలేసింది. ప్రశాంతమైన వేసవి ఉదయాన చెట్లు గీయబోతే కాగితం మీద తుఫానుకి వంగిపోయిన పొదలు వచ్చాయి. తనలో ఉందని తనకే తెలియని కోపం గీతల్లో కనిపించింది. రెండు కూజాలు పక్కపక్కన పెట్టి చూస్తూ, వస్తువులకి మనమనుకునేంత గట్టి అంచు లేదని, ఒకదాని నీడ ఇంకోదాని రంగులోకి పోతుందని, ఆ అంచు చెరిగిపోతుందన్న భయమే తన చేతిని బిగబట్టిందని ఆమె పోల్చుకుంటుంది. అనుభవించి రాసింది కాబట్టి ప్రతి పేజీ నాకు నమ్మకంగా ఉంది. మనోవిశ్లేషకులు చిత్రకారుల గురించి రాసినవి చాలా ఉన్నాయి. తనే పెన్సిలు పట్టి, ఓడిపోయి, ఆ ఓటమిని ఇంత ఓపికగా చూసినవాళ్లు అరుదు.

ఈ ప్రతిలో అంచుల్లో ఒక్క మాటా లేదు. చివరి ఖాళీ పేజీలో మాత్రం బాల్‌పెన్నుతో, ఎత్తకుండా గీసిన ఒకే గీత. చుట్టలు చుట్టుకుని, మలుపులు తిరిగి, ఒక పక్క కోడిలా, ఇంకో పక్క ముసుగేసుకుని కూర్చున్న ఆడమనిషిలా ఉంది. ఆ పుస్తకం చదివి, చెప్పినట్టే చేసి చూశారెవరో. కింద తేదీ లేదు, సంతకం లేదు.

నాకూ బొమ్మలు రావు. ఆ రాత్రి ఒక తెల్లకాగితం తీసుకుని, ఏమీ అనుకోకుండా, చెయ్యి ఆగేదాకా గీశాను. వచ్చినదాన్ని చాలాసేపు చూశాను. రెక్కలు విప్పిన తల్లికోడిలా ఉంది. మడిచి, ఆ చివరి పేజీకి ఎదురుగా పుస్తకంలోనే పెట్టాను.