నిప్పుకొరవి సేద్యము : ఒక గ్రంథ విమర్శ

1788లో బ్రిటిషువారు వలసకు దిగునాటికి ఆస్ట్రేలియా మానవుని చేయి సోకని అడవి అనుట చాలకాలము నిలిచిన మాట. బిల్ గామేజ్ 2011లో ప్రకటించిన ‘ది బిగ్గెస్ట్ ఎస్టేట్ ఆన్ ఎర్త్’, అనగా ‘భూమిపై అతిపెద్ద ఎస్టేటు’, ఆ మాటను ఖండించుచున్నది. ఆదివాసులు అదనెరిగి ముదురు గడ్డిని కాల్చెడివారు. పిమ్మట మొలచిన లేతగడ్డికి కంగారూలు చేరెడివి, వేట సులభమయ్యెడిది. కాలిన తావులు, కాలని తావులు అతుకుల బొంతవలె పరచుకొనుటచే పెనుమంటలు వ్యాపించుటకు వీలు తగ్గెడిది. ఈ పద్ధతికి రీస్ జోన్స్ 1969లోనే ‘నిప్పుకొరవి సేద్యము’ అని పేరిడెను.

గామేజ్ ముఖ్యముగా నమ్మినవి తొలి వలసదారుల దినచర్యలు, చిత్రపటములు. చిత్రకారుడు తన దేశపు ఉద్యానవనమును మనసులో నుంచుకొని గీసియుండవచ్చును గదా! మట్టిపొరలలోని పుప్పొడి, బొగ్గు చెప్పు సాక్ష్యమునకు గ్రంథములో దొరకిన చోటు చాలదు. ఎడారికిని, వర్షారణ్యమునకును ఒకే సూత్రము వర్తింపజేయుట తొందరపాటు.

అయినను ఈ వాదమునకు గట్టి సాక్ష్యము పటములలో గాక, బ్రతికియున్న ఆచారములో నున్నది. ఎప్పుడు, ఎచ్చట కాల్చవలెనో ఎరిగినవాడు ఆ నేలపై తిరుగ వీలులేనిచో ఆ ఎరుక ఎందులకు? 1976 శాసనము భూస్వామ్యమును ఆదివాసులకు అప్పగించిన ఆర్నెమ్ లాండు పశ్చిమభాగమున, 2006లో ఆరంభమైన పథకము క్రింద ఆదివాసి రేంజర్లు వానలు వెనుదిరిగిన కొద్దికాలమునకే చిన్న మంటలు పెట్టుచున్నారు. అందుచే ఎండకాలాంతపు పెనుమంటలును, వానివలన వెలువడు మీథేను, నైట్రస్ ఆక్సైడులును తగ్గినవి.