చుక్కల గీత

ఈ వారం పేపరు విప్పగానే మధ్యలోంచి ఒక బ్రోషర్ జారి ఒళ్లో పడింది. నిగనిగలాడే కాగితం, నాలుగు తాటిచెట్లు, ఒక స్విమ్మింగ్ పూల్, వాటి పక్కనుంచి ఎర్రటి చుక్కల గీత. గీత కింద చీమ తలంత అక్షరాల్లో ‘ప్రతిపాదిత మెట్రో’. వెంచర్‌కి మెట్రో రెండే నిమిషాలట. ఏ మెట్రోనో, ఏ సంవత్సరానిదో రాయలేదు. ఒళ్లు మండింది.

మెట్రో మ్యాపుల మీద నాకున్న కక్ష ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. హైదరాబాద్‌లో రైలు కంటే ముందు గీత వస్తుంది, గీత కంటే ముందు గజం రేటు పెరుగుతుంది. 2008లో మొదటి మెట్రో టెండర్ గెలిచిన కంపెనీ ప్రభుత్వ సాయం అడక్కపోగా, ఎదురు 30 వేల కోట్ల రూపాయలకు పైగా తానే ఇస్తానంది. ఇందులో రైలు కంటే భూముల మీదే కన్నుందని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు అప్పుడే హెచ్చరించారు. మరుసటి ఏడాది ఆ ఒప్పందం రద్దయింది. మొన్నటికి మొన్న, 2022 డిసెంబర్‌లో, రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకి 31 కిలోమీటర్ల లైనుకి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, గీతా మారింది. కొత్త గీత నాగోలు, ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా ఎయిర్‌పోర్టుకి వెళ్తుంది.

ఇక నా పాత పాట ఎలాగూ ఉంది: ముందు ఉన్న పట్టాలు వాడుకోండి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003లో మొదలైంది. రెండో దశలో ఉందానగర్ దాకా రైలు రావడానికి 2023 ఏప్రిల్ అయింది. అక్కడ దిగినవాడికి ఎయిర్‌పోర్టు ఇంకా కొన్ని కిలోమీటర్లు. సూట్‌కేసుతో ఆటో వెతుక్కోవాలి. గీతలు గీసేవాళ్లంతా ఒక పదేళ్లు పెన్సిళ్లు పక్కన పెట్టి ఆ కాస్త దూరం పూర్తి చేయండని రాద్దామనే కూర్చున్నాను.

కూర్చున్నాక, నా చిన్నప్పుడు మా మేడ మీద అద్దెకుండే డ్రాఫ్ట్స్‌మన్ గారు గుర్తొచ్చారు. ఆఫీసు పని అప్పుడప్పుడు ఇంటికి తెచ్చుకునేవారు. ఆయన దగ్గర ఒక పొడుగాటి చెక్క పెట్టె ఉండేది. అందులో వరసగా వంపు పలకలు. ప్రతి పలక మీదా ఒక అంకె. అదే ఆ వంపు వ్యాసార్థం. ఆయన వాటిని రైల్వే కర్వులనేవారు. సర్వే షీటు పరిచి, పైన ట్రేసింగ్ పేపర్ బిగించి, ఒక పలక ఆనించి పెన్సిల్‌తో సన్నగా గీసేవారు. గీత ఒక బావి మీదుగా పోయేది. పలక కాస్త జరిపేవారు. ఈసారి బడి గోడ. ఆ పలక తీసేసి మరో అంకె. ‘‘ఆటోలా రైలు మూల తిరగదోయ్,’’ అనేవారు. వంపు ఎంత బిగిస్తే బండి వేగం అంత తగ్గాలి, పట్టా అంత త్వరగా అరుగుతుంది. స్టేషన్‌కి మాత్రం తిన్నటి జాగా చూడాలి; వంపులో ప్లాట్‌ఫామ్ కడితే బండికీ అంచుకీ మధ్య సందు పెరుగుతుంది. ఇంతా చేసి అది సిటీ లైను కూడా కాదు, ఏదో బొగ్గు గనికి వేసే సైడింగ్. అయినా ఒక మసీదు గోడనో ఒక నూతినో తప్పించడానికి సాయంత్రమంతా కూర్చునేవారు. ఎర్ర పెన్సిల్ ముట్టుకున్నందుకు నన్ను ఒకసారి కిందికి తరిమేశారు కూడా.

ఆయన మరో మాట అనేవారు: ఇంకు పడ్డాక వెంటనే హద్దు రాళ్లు పాతించాలి, లేకపోతే ఏడాది తిరక్కుండా అక్కడ పాక లేస్తుంది.

పాతబస్తీ దగ్గర ఆ మాటే నా కలం ఆపింది. మెట్రో రెండో కారిడార్ మొదటి నుంచీ కాగితం మీద ఫలక్‌నుమా దాకా ఉంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి వచ్చిన రైలు ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు తీసుకెళ్లాలంటే వందల ఆస్తులకి దెబ్బ. దారుల్‌షిఫా నుంచి శాలిబండ వైపు నడిచి చూడండి: మెట్ల మీదే సరుకు, పైన బాల్కనీ, ఆ పైన ఇంకో గది. అక్కడి ఇళ్లలో చాలా వాటి వయసు మెట్రో గీత కంటే ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ గీత గీసి చేతులు కట్టుకుని కూర్చున్న ఏళ్లలో లేచిన అంతస్తుల సంగతేమిటి?

158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు సంగతి వేరు. అక్కడ మెయిన్ రోడ్డుకీ సర్వీస్ రోడ్డుకీ మధ్య రైలు కోసం ముందే జాగా వదిలారు. రైలు ఇంకా రాలేదు. వచ్చేరోజున ఎవరి ఇల్లూ కూల్చక్కర్లేదు.

అందుకే పెన్సిళ్లు పక్కన పెట్టమని రాయలేకపోతున్నాను. ఇంకా దూరం, ఇంకా ముందుగా గీయాలి. గీసిన రోజే మాస్టర్ ప్లాన్‌లో ఎక్కించి రాళ్లు పాతాలి. నగరం బయట కట్టబోయే ఫ్యూచర్ సిటీకి వేసే 100 మీటర్ల రోడ్డు మధ్యలో మెట్రోకి జాగా వదులుతున్నారంటే, పొలాలకి మెట్రో ఏమిటని నవ్వుతున్నారు. నేను నవ్వను. నా అనుమానమల్లా ఆ జాగాకి కాపలా ఎవరని. ఖాళీ మీడియన్ కనిపిస్తే మనవాళ్ల చేతులు ఊరుకోవు. ముందు లాన్, తర్వాత ఫౌంటెన్, ఆ తర్వాత ఎవరిదో విగ్రహం. ఇక విగ్రహాన్ని కదిలించి పట్టాలు వేసే మొనగాడెవడు?