ఫిల్సను రచించిన బూను చరిత్రము - ఉత్తమపురుషవిచారము

అమెరికా స్వాతంత్ర్యయుద్ధకాలమునఁ గెంటకీ యను పడమటి యడవిసీమకుఁ బోయి నివసించిన కుటుంబములలో డేనియలు బూను కుటుంబము మిక్కిలి ప్రసిద్ధము. ఆ ప్రసిద్ధికి మూలము 1784లో జాన్ ఫిల్సను ప్రకటించిన కెంటకీవర్ణనగ్రంథము. దాని యనుబంధములలో నొకటియైన బూను చరిత్రము "నేను" అను నుత్తమపురుషమున నడచుచున్నది. కావునఁ బెక్కురు దానిని బూను స్వవాక్యముగాఁ గొనిరి. ఇది విచారణీయము.

క్రియయందలి యుత్తమపురుషము వాక్యమునకుఁ గర్తను దెలుపునే కాని గ్రంథమునకుఁ గర్తను దెలుపదు. బూను స్వయముగా వ్రాసిన లేఖలలో వర్ణక్రమదోషములు మెండు. ఈ చరిత్రమం దన్ననో నాఁటి విద్యావంతుల ప్రౌఢశైలియుఁ దత్త్వచింతనలునుఁ గానవచ్చును. విషయము బూనుది, వాక్కు ఫిల్సనుది.

చరిత్రము 1769 మే నెలలో బూను ఇల్లు విడుచుటతోఁ బ్రారంభమగును. వంశకథనము లేదు. పితామహుఁడు జార్జి బూను ఇంగ్లండునందలి డెవన్‌షైరునుండి 1717లోఁ బెన్సిల్వేనియాకు వచ్చిన క్వేకరు మతస్థుఁడు. తండ్రి స్క్వైరు నేఁతపనివాఁడు. తల్లి సారా మోర్గాను వేల్సువంశజ. యుద్ధమును నిషేధించు మతమునఁ బుట్టినవాఁడు యుద్ధకథానాయకుఁ డగుట యెట్లో పాఠకునకుఁ దెలియదు.

ఇఁక నిడుమల సంగతి. 1778 ఫిబ్రవరిలో నుప్పు వండించుచున్న బూను షానీజాతివారికిఁ జిక్కెను. వారి నాయకుఁడు బ్లాకుఫిషు వానిని దత్తపుత్రునిగాఁ గైకొనెను. మగఁడు మరణించెనని తలఁచి రెబెకా బిడ్డలతో నడవిదారిని నార్తు కారొలీనాలోని పుట్టినింటికి మరలెను. బూను జూన్‌లోఁ దప్పించుకొని 160 మైళ్లు నాలుగు దినములలో నడచి వచ్చునప్పటికిఁ గూఁతురు జెమీమా మాత్రమే యచట నుండెను.

ఫిల్సను రెబెకా ప్రయాణము నొక్క వాక్యమున ముగించెను. పిమ్మట బూను కుటుంబమును మరలఁ దోడ్కొనివచ్చిన కథ యొక సంపుటమునకుఁ జాలినంత కష్టపరంపర యని యొప్పుకొనియు, బ్రకృతముకాదని బుద్ధిపూర్వకముగా విడిచెను. బూనుపై ద్రోహారోపణముతో జరిగిన సైనికవిచారణమును, వాఁడు నిర్దోషియై వెలువడుటనుఁ బేర్కొననేలేదు.

ప్రకృత మనఁగా నేమి? అనుబంధచతుష్టయమునఁ బ్రయోజనము నెఱుఁగక తాత్పర్యము నిర్ణయింపరాదు. ఫిల్సను ఉపాధ్యాయుఁడు, భూమి కొలుచువాఁడు, కెంటకీలో భూములు గడించినవాఁడు. క్రొత్తవారి నాసీమకు రప్పించుట గ్రంథప్రయోజనము. దానికి వీరుని సాహస మాకర్షకము; తల్లి బిడ్డలతో వెనుకకు మరలుట ప్రతిబంధకము.

బూనే యీ గ్రంథము సత్యమని సాక్ష్యపత్రమున సంతకము చేసెఁ గదా యందురేని, ఆ సాక్ష్యము చెప్పినదాని సత్యమునకే కాని చెప్పని దానికిఁ జెందదు.

1851లో లైమను డ్రేపరు బూను కనిష్ఠపుత్రుఁడగు నేథనును, వాని భార్య ఆలివును నడిగి కుటుంబస్మృతులను వ్రాసికొనెను. వీనివలనఁ గుటుంబకథ కొంత పూరింపఁబడినది. కాని నేథను 1781లో జన్మించినవాఁడు. 1778 నాఁటివి వానికి శ్రుతములే కాని దృష్టములు కావు. కావున నొకటి ప్రయోజనముచేతను, నొకటి కాలవ్యవధానముచేతను బరీక్షింపఁదగినవి.

బ్లాకుఫిషు గ్రామము 1779లోఁ గెంటకీసేనలచే దగ్ధమయ్యెను. ఆతఁడును గాయపడి మరణించెను. ఆ దత్తతండ్రి యింటివారి "నేను" ఈ రెంటను వినఁబడదు. సీమాంతకుటుంబముల కష్టములను నిర్ణయింపఁబూనువా రీ లోపమునుఁ గూడ గణింపవలయును.