నవ్యకవిత్వమున భాషయు భావచిత్రమును

బెంగుళూరున స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలలో పెక్కుమందికి ఆధునిక కవిత్వము తొలుత పరీక్షాప్రశ్నగానే ఎదురగుచున్నది. "ఈ గేయమందలి భాషను, భావచిత్రములను విశదీకరింపుము" అని ప్రశ్న. "భాష సరళము, ఉపమ మనోహరము" అని సమాధానము. ఏ గేయమునకైనను అతుకునట్టి ఈ మాటలు ఏ గేయమును గూర్చియు ఏమియు చెప్పవు.

మైసూరు సంస్థానమున పనిచేయుచున్న కాలముననే కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో 'కవిత్వతత్త్వ విచారము'ను వెలువరించి, కవికి భావనాశక్తియే ముఖ్యమనియు, కథతో పొత్తులేని వర్ణనలు కావ్యమునకు బరువనియు వాదించిరి. అలంకారమునకు పేరు పెట్టినంతమాత్రమున విమర్శ ముగియదని ఆ గ్రంథము వలన మనము గ్రహింపవలసియున్నది.

మా దృష్టిలో నవ్యకవి తఱచుగా పాత వస్తువునే చేపట్టి క్రొత్త దెసకు త్రిప్పును. కావున విద్యార్థి రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ వస్తువును లోకము ఇంతవఱకు ఎట్లు చూచినది? కవి దానిని ఎటు త్రిప్పినాడు?

1910లో హేలీ తోకచుక్క కానవచ్చినప్పుడు అది అరిష్టమని జనులు భయపడిరి. ఆ యేటనే గురజాడ అప్పారావుగారు 'ముత్యాలసరములు'లో దానిని భూమిని చూడవచ్చిన దూరపు చుట్టముగా, సంఘసంస్కారమునకు ఎత్తిన జెండాగా చూపిరి. చుట్టమును చూచి వెఱచువారెవరు? ఇంటిమాటలు గనుకనే భయము తీరినది. భాషాసారళ్యము ఇచ్చట చేసిన పని యిది. విద్యార్థి దీనిని వ్రాసినచో "భాష సరళము" అను వాక్యమునకు అర్థము కలుగును.

శ్రీశ్రీగారి మార్గము వేఱు. 1950లో గ్రంథరూపము దాల్చిన 'మహాప్రస్థానము'లోని 'జగన్నాథుని రథచక్రాలు' గేయమున దేవుని రథము పీడితుల కొఱకు భూమార్గము పట్టును. పిలుపుపై పిలుపు, సంస్కృతపదముల మ్రోత, ప్రాసల తాకిడి కలిసి చక్రముల కదలికను చెవికి వినిపించును. ఇచ్చట సరళభాష ఈ పని చేయజాలదు. తేరు అను మాట తెలుగునకును కన్నడమునకును ఉమ్మడి. గుడివీధిలో తేరు కదలుట చూచిన మన పిల్లలకు ఈ చిత్రము నిఘంటువు లేకయే బోధపడును.

పరీక్షకు ముందొక సాయంకాలము పెద్దలు పిల్లలచేత గేయమును బిగ్గఱగా చదివించి, పై రెండు ప్రశ్నలను అడుగుదురు గాక. మార్కుల మాట అటుంచి, ఆ పూట ఇంటిలో తెలుగున ఆలోచన జరుగును. పరాయి రాష్ట్రమున మన భాషకు అంతకంటె కావలసినదేమి?