స్కాన్ తర్వాత ముక్క

మలేరియా దోమల్లో పెరుగుతుందన్న అనుమానం ప్యాట్రిక్ మ్యాన్సన్‌ది. అది కంటికి కనిపించింది మాత్రం మన సికింద్రాబాద్‌లో. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. ఈ ఊళ్లో పాథాలజిస్టుగా పనిచేయడం నాకు గర్వంగా ఉండేది అందుకే. తలలో గడ్డల విషయంలోనూ అనుమానాన్ని తేల్చేది చాలాసార్లు మైక్రోస్కోపే.

మెదడు ఎమ్మారైలో ఒకటికి మించి గడ్డలుంటే ఇంట్లోవాళ్లు ముందు అనేమాట, "క్యాన్సర్ తలకు పాకిందట". చాలాసార్లు అది నిజమే. ఊపిరితిత్తుల నుంచో, రొమ్ము నుంచో వచ్చి ఉంటుంది. కానీ కాంట్రాస్ట్ మందు ఎక్కించాక ఉంగరంలా మెరిసేది టీబీ గడ్డ కావచ్చు, చీముగడ్డ కావచ్చు, బద్దెపురుగు తిత్తి కావచ్చు. మన దేశంలో వీటిని మరిచిపోకూడదు. లింఫోమా, గ్లియోబ్లాస్టోమా అనే కణితులు కూడా ఒక్కోసారి రెండు మూడు చోట్ల కనిపిస్తాయి.

రేడియాలజిస్టుల నేర్పు నాకు బాగా తెలుసు. చీము డిఫ్యూజన్ చిత్రంలో మెరుస్తుంది. స్పెక్ట్రోస్కోపీలో కోలిన్ పెరిగితే కణితిని, కొవ్వు మాత్రమే ఎక్కువగా ఉంటే టీబీని అనుమానిస్తారు. తిత్తిలో పురుగు తల చుక్కలా కనిపిస్తే ముక్క తీసి పరీక్షించనక్కర్లేదు (బయాప్సీ). మిగతాచోట్ల అనుమానం అనుమానమే. 1990లో అమెరికాలో ప్యాచెల్ బృందం చేసిన అధ్యయనంలో, క్యాన్సర్ మెదడుకు పాకి ఒకే గడ్డ అయిందనుకున్న 54 మందిలో ఆరుగురికి అది వేరే జబ్బని ముక్క పరీక్షలో తేలింది.

సూదితో తెచ్చే ఆ ముక్క మినపగింజంత కూడా ఉండదు. కొంచెం స్లైడు మీద నలిపి, రంగు వేసి, ఆపరేషన్ నడుస్తుండగానే సర్జన్‌కు కబురు చెప్పాలి. న్యూరోసర్జన్ కుషింగ్, పాథాలజిస్టు ఐసెన్‌హార్ట్ 1930లో చూపిన దారి ఇది. మిగిలినదాన్ని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పొదిగి, మైక్రాన్ల మందాన కోస్తాం. ఆపై కణాల్లోని ప్రొటీన్లను గుర్తించే రంగులు వేస్తాం. సాధారణంగా సైటోకెరటిన్ రంగు పడితే పాకిన క్యాన్సర్, జీఎఫ్ఏపీ పడితే మెదడు సొంత కణితి, సీడీ20 పడితే లింఫోమా. గ్రాన్యులోమా (వాపు కణాల గుంపు) కనిపిస్తే ఆలోచన టీబీ వైపు మళ్లుతుంది. ఆ మనిషికి రేడియేషనా, టీబీ మాత్రలా అన్నది అంత చిన్న ముక్క తేలుస్తుంది.

లింఫోమా అనుమానం ఉన్నప్పుడు ముందే స్టీరాయిడ్లు ఇస్తే కణాలు కరిగిపోయి స్లైడులో ఏమీ మిగలకపోవచ్చు. ప్రాణాపాయం లేకపోతే ముక్క తీసేదాకా ఆగడం మేలు.

మెదడులోనే ముక్క తీయాలనేం లేదు. మెడ గ్రంథో, ఊపిరితిత్తో అందితే అక్కడే తీస్తారు. ఎక్కడ తీసినా స్కాన్ సీడీ, స్టీరాయిడ్లు మొదలుపెట్టిన తేదీ, పాత ఆపరేషన్ మైనపు బ్లాకులు పాథాలజిస్టుకు చేరేలా చూడండి.