ఎగతాళి నుంచి గౌరవచిహ్నానికి: షేక్‌స్పియర్ ఇంటిపేరు

'షేక్‌స్పియర్' ఇంగ్లండులో అరుదైన ఇంటిపేరు. 'షేక్' అంటే ఝళిపించు, 'స్పియర్' అంటే ఈటె. ఈ అర్థాన్ని పట్టుకొని నాటకకర్త పూర్వికులు యోధులని ఊహించిన వ్యాఖ్యాతలున్నారు. పేరు చరిత్ర ఆ ఊహకు సహకరించదు.

తెలుగులో 'ఈటె ఝళిపించేవాడు' అన్నప్పుడు కర్మ ముందు, క్రియ వెనుక నిలుస్తాయి. ఈ సమాసంలో వరస తారుమారు. నార్మన్ ఆక్రమణ తరువాత ఇంగ్లండులో విస్తరించిన ఈ నిర్మాణంతోనే వాగ్‌స్టాఫ్ (కర్ర ఆడించేవాడు), డ్రింక్‌వాటర్ (నీళ్లు తాగేవాడు), బ్రేక్‌స్పియర్ (ఈటె విరిచేవాడు) వంటివి ఏర్పడ్డాయి. ఇటువంటివి తరచుగా ఇరుగుపొరుగువారు తగిలించిన ఎగతాళి పేర్లు. ఊరిపేరే ఇంటిపేరు కావడానికి అలవాటుపడిన తెలుగు పాఠకునికి, వెక్కిరింత వంశనామంగా స్థిరపడటం కొంత వింతగానే తోస్తుంది. ఈటె ఝళిపించడమనే మాటలో కయ్యానికి కాలుదువ్వే స్వభావమూ, కొంత అశ్లీలధ్వనీ ఉన్నాయి.

దీనికి బలమైన సాక్ష్యం ఆక్స్‌ఫర్డులోని మెర్టన్ కళాశాల దస్తావేజు. అక్కడి హ్యూ షేక్‌స్పియర్ తన ఇంటిపేరును సాండర్‌గా మార్చుకున్నాడనీ, పాతపేరు నీచమైనదిగా పరిగణింపబడటమే కారణమనీ 1487లో లాటిన్‌లో నమోదైంది. ఒక విద్యావంతుడు వదిలించుకోదలచిన పేరును వీరనామంగా చదవడం కాలవ్యతిక్రమమే.

మరి వీరత్వం ఎక్కడ నుంచి వచ్చింది? 1596 అక్టోబరులో స్ట్రాట్‌ఫర్డు చేతితొడుగుల తయారీదారు జాన్ షేక్‌స్పియర్‌కు వంశచిహ్నం మంజూరైంది. కవచం మీద ఈటె, పైన ఈటె పట్టిన డేగ. ఆయన పూర్వికులు ఏడవ హెన్రీకి చేసిన సేవకు బహుమానం పొందారని ముసాయిదా చెబుతుంది. దానిని బలపరిచే ఆధారమేదీ లభించలేదు. చిహ్నం పేరులోని అర్థాన్ని బొమ్మకట్టింది, అంతే. ఆ బొమ్మనే తిరిగి పేరుకు సాక్ష్యంగా చూపడం చక్రక తర్కం. సమకాలికులు సైతం దీనిని తేలికగా ఒప్పుకోలేదు. అనర్హులకు చిహ్నాలిచ్చారని 1602లో రాల్ఫ్ బ్రూక్ ఆరోపించినప్పుడు, ఆ పట్టికలో నటుడు షేక్‌స్పియర్ పేరూ ఉంది.

చిహ్నం చేతికందేసరికి దానిని మోయవలసిన వారసుడు లేడు. నాటకకర్త ఏకైక పుత్రుడు హామ్నెట్ పదకొండేళ్ల వయసులో మరణించగా అదే ఏడాది ఆగస్టు 11న ఖననం చేశారు. మనుమరాలు ఎలిజబెత్ 1670లో సంతానం లేకుండా మరణించడంతో ప్రత్యక్ష సంతతి ముగిసింది. చెల్లెలు జోన్ వంశం మాత్రం 'హార్ట్' ఇంటిపేరుతో కొనసాగింది.